పుట సంఖ్య కాదు, లింకు పెట్టండి

అధ్యక్షులకు, గ్రంథపాలకులకు, ముందు వరుసలో ఉన్న పెద్దలకు, గోడవారగా నిలబడ్డ పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, చదివే అలవాటు గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. చెబుతాను. ముందు నా గుండెలో ఉన్న ఒక బరువు దించుకోనివ్వండి.

1986 ఆగస్టు గోదావరి వరద మీలో చాలామందికి గుర్తే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రి నది మధ్య లంకల్లో ఎవరు ఏ చెట్టెక్కారో, ఎవరి గొడ్లు కొట్టుకుపోయాయో వాళ్ల నోటే విని, కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో టైపు చేశాను. 214 పుటలు. మొదట్లో పేర్ల పట్టిక, పేరు పక్కన పుట సంఖ్య.

ఒక రోజు లంక నుంచి ఒక మామ్మగారు వచ్చారు. "బాబూ, నేను చెప్పింది చూపించు, మనవడికి ఫొటో తీసి పంపాలి" అన్నారు. పట్టికలో 143 అని ఉంది. తీస్తే అక్కడ వేరేవాళ్ల పాక, వేరేవాళ్ల గేదె. మధ్యలో ఫొటోలు చేర్చాను, పుటలన్నీ కిందికి జరిగిపోయాయి. మౌస్ చక్రం తిప్పుతూనే ఉన్నాను. ఆవిడ చెంగుతో కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. చివరికి "రేవు దాటించే పంటు వెళ్లిపోద్ది బాబూ, మళ్లీ వస్తాలే" అని లేచారు. ఆవిడ మాట ఆ ఫైల్లోనే ఉంది. చూపించలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను, పిల్లలూ, ఇది రాసుకోండి. ఒక్కొక్కరి కథ పైన ఉన్న పేరుకి హెడింగ్ 1 స్టైల్ ఇవ్వండి. అక్షరాలు లావు చేసినంత మాత్రాన అది హెడింగ్ కాదు. తర్వాత పట్టికలో పేరు సెలెక్ట్ చేసి కంట్రోల్, కె నొక్కండి. ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్‌లో ఆ హెడింగ్ ఎంచుకోండి. అంతే. ఇక పైన వంద ఫొటోలు చేర్చినా, కంట్రోల్ పట్టుకుని ఆ పేరు మీద నొక్కితే కథ దగ్గరికే వెళుతుంది. ఆల్ట్‌తో ఎడమ బాణం నొక్కితే వెనక్కి వస్తారు. పేరా మధ్యలోకి వెళ్లాలంటే అక్కడ బుక్‌మార్క్, అంటే ఒక గుర్తు, పెట్టి హెడింగ్ బదులు దాన్ని ఎంచుకోండి. దాని పేరులో ఖాళీ ఉండకూడదు.

ఇంకో మాట. పిడిఎఫ్ చేసేటప్పుడు ప్రింట్‌లోకి వెళ్లకండి, సేవ్ యాజ్‌లో చెయ్యండి. నేను ప్రింట్‌లో చేస్తే లింకులన్నీ చచ్చిపోయి ఉత్త నీలం గీతలు మిగిలాయి. వారం పని పోయింది.

చదివే అలవాటు గురించి అడిగారు. వెతికితే దొరకనిది ఎవరు చదువుతారండీ?

నూట పది కథలకు లింకులు పెట్టాను, మామ్మగారిది మొదటిది. ఇంకా అరవై ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు సభ అయ్యాక వెళ్లిపోకండి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను.