ఆ దురదకు "వేడి" అని పేరు పెట్టేశాం

అందరికీ నమస్తే. కడపలో మందుల షాపు కౌంటర్‌లో కూర్చునే ఫార్మసిస్ట్‌ని నేను. జలుబు, దగ్గులకు జనం సాయంత్రం వస్తారు. జననాంగం దగ్గర వచ్చే దురదకు మాత్రం ఆడవాళ్లు మధ్యాహ్నం మూడింటికి, రోడ్డు మీద మనిషి లేనప్పుడు వస్తారు. పక్కన మగవాళ్లెవరైనా ఉంటే ముందు ఓఆర్ఎస్ పాకెట్ అడుగుతారు. వాళ్లు వెళ్లాకే అసలు సంగతి.

మొన్న ఒక అక్క అలాగే ఆగి, కొంగులోంచి ఒక ట్యూబ్ తీసింది. మూతి దాకా చుట్టేసిన ట్యూబ్. కొడుకు తొడల్లో తామరకు వాడిందట. "వేడి చేసింది పాపా, కింద ఒకటే దురద. ఇదే ఇంకోటి ఇవ్వు."

చూస్తే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్. రెండు రోజులు దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) చాలామంది ఒంట్లో కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. యాంటీబయాటిక్స్ వాడినా, గర్భం వచ్చినా, షుగర్ అదుపు తప్పినా అది పెరుగుతుంది. అప్పుడు తెల్లబట్ట విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా అవుతుంది, దురద, మంట ఉంటాయి, వాసన పెద్దగా ఉండదు. చేపల వాసన వస్తున్నా, పచ్చగా అవుతున్నా అది వేరే జబ్బు కావచ్చు. దానికి ఈస్ట్ మందులు పనిచేయవు. అందుకే మొదటిసారి అయితే డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఈస్టే అని తేలితే వైద్యం చిన్నదే. యోని లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్ర: 500 మిల్లీగ్రాములదైతే ఒక్క రాత్రి, 100దైతే ఆరేడు రాత్రులు. లేదంటే నోటితో వేసుకునే ఫ్లూకొనజోల్ 150, ఒక్క మాత్ర. గర్భిణులకు ఈ నోటి మాత్ర వద్దు, క్రీమో లోపలి మాత్రో వారం రోజులు ఇస్తారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు ఫ్లూకొనజోల్ వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు, ముందే చెప్పండి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వస్తుంటే వారానికో ఫ్లూకొనజోల్ మాత్ర చొప్పున ఆరు నెలల కోర్సు రాస్తారు. వేపాకు నీళ్లు, డెటాల్‌తో లోపల కడగడం మానేయండి, మంట ఇంకా ఎక్కువవుతుంది. మజ్జిగ తాగండి, కాదనను. అది ఎండకు మందు, దీనికి కాదు.

అక్క సంచిలో ఇంకో స్ట్రిప్ కూడా కనిపించింది. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర, మూడు నెలల కింద మొదలుపెట్టారట. డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఇదే రకం. ఒంట్లోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. మంచి మందులే, కానీ అక్కడ తీపి చేరితే ఈస్ట్‌కు పండగే కదా.

"సొంతంగా ఆపొద్దక్కా, రేపు పొద్దున రిమ్స్‌లో గైనిక్ ఓపీకి వెళ్లు, ఈ స్ట్రిప్ చూపించు" అన్నాను. ట్యూబ్ ఇవ్వలేదు. ఓఆర్ఎస్ పాకెట్ కూడా కౌంటర్ మీదే వదిలేసి, కోపంగానే వెళ్లిపోయింది.