స్టింగ్ పాటలు ఎక్కడికి పోయాయి?

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఈ సభ పెట్టినవారికి, పని మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలని రాసుకొచ్చాను గానీ ఆ చీటీ చదివితే నాకిచ్చిన టైములో సగం అక్కడే అయిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోకండి.

నన్ను మాట్లాడమన్నది 'ద లయన్ కింగ్' పాటల గురించి. సరే, మాట్లాడేస్తాను. 1994లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా. ట్యూన్లు ఎల్టన్ జాన్, సాహిత్యం టిమ్ రైస్. మూడు పాటలు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాయి, ఒకటి గెలిచింది. మొదటి సీన్లో సూర్యుడు పైకి వస్తుంటే జులూ భాషలో ఒక గొంతు లేస్తుంది చూడండి, అది ఎల్టన్ జాన్‌ది కాదు, దక్షిణాఫ్రికా గాయకుడు లెబో ఎమ్‌ది. చాలామందికి ఆ పాటలో ముందు గుర్తొచ్చేది ఆ పిలుపే, అయినా పోస్టర్ల మీద పెద్ద పేరు ఎవరిదో మీకు తెలుసు. సరే, అది వేరే గొడవ, దాంట్లోకి వెళ్తే బయటికి రాను.

నేను చెప్పాలనుకుని వచ్చింది వేరు. ఎల్టన్ జాన్ పాటలు అంత ఆడాక డిస్నీ వాళ్లకి ఒక ఫార్ములా దొరికింది, పెద్ద పాప్ స్టార్‌ని పట్టుకో, పాటలు రాయించు అని. అలా పిలిచినవాళ్లలో ఒకడు స్టింగ్. 'ద పోలీస్' అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లో పాడిన స్టింగ్. సినిమా పేరు 'కింగ్‌డమ్ ఆఫ్ ద సన్'. ఈ పేరుతో సినిమా చూసినవాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ లేరు కదా? ఉండరు. ఆ సినిమా రాలేదు.

డైరెక్టర్ రోజర్ ఆలర్స్, లయన్ కింగ్ తీసిన ఇద్దరిలో ఒకరు. దక్షిణ అమెరికాలోని ఇంకాల సామ్రాజ్యం కథ. చక్రవర్తి, అతని పోలికలతోనే ఉండే ఒక పల్లెటూరి కుర్రాడు, ఇద్దరూ తారుమారవుతారు. యిజ్మా అని ఒక మంత్రగత్తె, సూర్యుడి వల్లే తన అందం పోయిందని కక్షగట్టి, ఏకంగా సూర్యుణ్ణే ఆర్పేయాలని చూస్తుంది. విలన్ కోరిక అంటే అలా ఉండాలి! ఆవిడకి గొంతిచ్చింది ఈర్తా కిట్. ఆ గొంతు కోసమే స్టింగ్ ఒక పాట రాశాడు, 'స్నఫ్ అవుట్ ద లైట్' అని.

ఇక్కడ యానిమేషన్ పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే స్టింగ్ బాధ అర్థం కాదు. మాటలూ పాటలూ ముందు రికార్డు చేస్తారు, ఆ గొంతుని బట్టి తర్వాత పెదాలు, చేతులు, కనుబొమలు గీస్తారు. అంటే పాట రాసేవాడికి సినిమా లేదు, గోడకి గుచ్చిన పెన్సిల్ బొమ్మలు తప్ప. ఆ బొమ్మల్నే వరసగా పేర్చి, తాత్కాలిక గొంతులు తగిలించి, చీకటి గదిలో వేసి చూస్తారు. లైట్లు వెలగ్గానే పెద్దవాళ్లు నచ్చిందో లేదో చెప్తారు. నచ్చకపోతే నెలల పని ఆ పూటే చెత్తబుట్టలోకి. మన సినిమాల్లోనూ పాట ముందే రికార్డవుతుంది, కానీ సందర్భం ఎగిరిపోయినా పాటని వదులుకోం, హీరోకి ఓ కల తెప్పించి అందులో ఇరికించేస్తాం. అక్కడ ఆ వెసులుబాటు లేదు.

1998లో ఆ గదిలోనే ఈ సినిమాకి గండం వచ్చింది. కథ కుదరడం లేదన్నారు. ఆలర్స్ ఇంకో ఆరు నెలలో ఏడాదో గడువు కావాలన్నాడు. కుదరదన్నారు, ఎందుకంటే బర్గర్ల వాళ్లతో, కూల్‌డ్రింకుల వాళ్లతో ప్రచారానికి ఒప్పందాలు ముందే అయిపోయాయి, రిలీజ్ వెనక్కి జరగదు. ఆలర్స్ వెళ్లిపోయాడు. కొంతకాలం పని ఆగిపోతే ఖాళీగా ఉన్న యానిమేటర్లని 'ఫాంటేసియా 2000' అనే ఇంకో డిస్నీ సినిమాలో ఒక భాగానికి పంపించారు. డైరెక్టర్ మార్క్ డిండాల్ చేతికొచ్చాక కథ పూర్తిగా కామెడీ అయింది. పోలికలున్న కుర్రాడి స్థానంలో పెళ్లాం పిల్లలున్న పెద్దమనిషి వచ్చాడు. సూర్యుణ్ణి ఆర్పే గొడవే లేదు. 2000 డిసెంబరులో 'ద ఎంపరర్స్ న్యూ గ్రూవ్' పేరుతో వచ్చింది. మంచి సినిమానే, నవ్వొస్తుంది, కాదనను. ఆ నవ్వు చూసే చాలామంది ఇక్కడితో కథ సుఖాంతం అంటారు. నేను అనను.

నిర్మాత రాండీ ఫుల్మర్ స్టింగ్‌కి ఫోన్ చేసి, నీ పాటలకి ఇప్పుడు సినిమాలో చోటు లేదు అన్నాడు. చోటు ఎలా ఉంటుంది? ఆ పాటలు పాడాల్సిన మనుషులే కథలో లేరు.

డిస్నీ పిలిచిన ఇంకో పాప్ స్టార్ ఫిల్ కాలిన్స్‌కి ఈ తిప్పలు రాలేదు, గమనించండి. 1999లో 'టార్జాన్'కి రాసినప్పుడు పాటలు దాదాపు అన్నీ వెనక నుంచి ఆయనే పాడాడు, టార్జాన్ నోరు తెరిచి పాడడు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ వెర్షన్లకీ తనే పాడాడు. అలాంటి పాట సీను మారినా ఎలాగోలా సర్దుకుంటుంది. స్టింగ్ పాత్రల నోట్లో పెట్టి రాశాడు. నాటకం తెలిసినవాడు చేసే పని అది. అందుకే మునిగాడు. కార్టూన్ పాటలే కదా, పిల్లల కోసం ఏదో రాసుంటారు అని ఒక సభలో ఒక పెద్దాయన నా మొహం మీదే అన్నాడు. ఆయనకి ఇదే చెప్పబోతే మైకు లాగేసుకున్నారు. ఇవాళ మైకు నా చేతిలో ఉంది.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. అయితే అసలు సంగతి చెప్పేస్తాను.

కొత్త కథకి మొదట అనుకున్న ముగింపు ఏమిటంటే, చక్రవర్తి కుజ్కో ఆ పెద్దమనిషి ఉండే కొండ మీద కట్టాలనుకున్న తన విహార కేంద్రాన్ని, ఆ కొండని వదిలేసి, పక్కనున్న అడవిని కొట్టేసి అక్కడ కట్టుకుంటాడు. అందరూ హ్యాపీ. స్టింగ్ ఏం చేశాడనుకుంటున్నారు? ఉత్తరం రాశాడు. అమెజాన్ అడవుల కోసం, అక్కడి మూలవాసుల కోసం భార్య ట్రూడీ స్టైలర్‌తో, అక్కడి కయాపో తెగ నాయకుడు రావోనితో కలిసి 1989లో రెయిన్‌ఫారెస్ట్ ఫౌండేషన్ పెట్టినవాడు ఆయన. ఇదే ముగింపైతే నేను తప్పుకుంటాను అన్నాడు. మార్చారు. ఇప్పుడు సినిమాలో కుజ్కో ఆ కుటుంబం పక్కన ఓ చిన్న గుడిసె వేసుకుంటాడు.

తన పాటల్ని నిలబెట్టుకోలేని మనిషి సినిమా క్లైమాక్స్ మార్పించాడండీ! పాటలు రాసేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు, మీలో ఎవరైనా ఇలా చేయగలిగారా? ఒక్కరైనా?

సినిమా లోపల చివరికి మిగిలింది టామ్ జోన్స్ పాడిన 'పర్‌ఫెక్ట్ వరల్డ్'. ఇంకోటి, స్టింగ్ తనే పాడిన 'మై ఫన్నీ ఫ్రెండ్ అండ్ మీ', పేర్లు పడేటప్పుడు వస్తుంది, అంటే జనం లేచి ఫోన్లు చూసుకుంటూ గేటు వైపు నడిచేటప్పుడు. ఆస్కార్ నామినేషన్ వచ్చింది దానికే. కోసేసిన వాటిలో మూడు పాటలు ఆల్బమ్‌లో పెట్టారు, అది వాళ్ల మంచితనం, ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది ఇంకోటుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు ట్రూడీ స్టైలర్ కెమెరా పట్టుకుని పక్కనే ఉంది. ఆ డాక్యుమెంటరీ, 'ద స్వెట్‌బాక్స్', 2002లో టొరంటో ఫెస్టివల్‌లో వేశారు. తర్వాత బీరువాలోకి వెళ్లింది. 2012లో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టేస్తే వెంటనే తీయించేశారు. పాటలు రాయడం నేర్చుకునే ప్రతి కుర్రాడికీ పాఠంగా చూపించాల్సిన సినిమా అది. ఎవరి పరువూ పోదు అందులో, పని ఎంత కష్టమో కనిపిస్తుంది అంతే. విడుదల చేయండయ్యా అని మనమందరం ఒక ఉత్తరం రాద్దాం. కాగితం బయట టేబుల్ మీద పెట్టాను, వెళ్లేటప్పుడు సంతకం చేయండి.

సౌండ్ బాబూ, ఆ వైరు ఇటివ్వు. ఈర్తా కిట్ పాడింది పెడుతున్నాను, సూర్యుణ్ణి ఆర్పే పాట. తర్వాత మాట్లాడాల్సినవారు ఈ ఒక్క పాటకి ఓపిక పట్టండి, మీ టైములోంచి కాదు, నా టైములోంచే.