ఆధార్ లింకైంది సరే, మరి పైసలు ఏ బ్యాంకుకు పోతున్నయ్?

నమస్తే అన్నా, నమస్తే అక్కా.

"ఆధార్ లింక్ చేయించినం, బ్యాంకోళ్లు అయిందన్నరు, అయినా పీఎం కిసాన్ పడ్తలేదు." దేవరకొండ నుంచి మక్తల్ దాకా ఏ మీసేవ ముందర నిలబడ్డా ఈ మాట వినపడ్తది. దానికి వచ్చే సలహా కూడా ఒక్కటే: "ఇంకోసారి లింక్ చేయించుకో." పాపం ఆ రైతు మళ్లా బ్యాంకుకు పోతడు, లైన్ల నిలబడ్తడు, మళ్లా జిరాక్సు ఇస్తడు. విడత వస్తది, ఊళ్లె అందరికీ పడ్తయ్, ఆయనకు పడవు. పదిసార్లు చేయించినా పడవు. ఎందుకంటే ఆయన చేయించిన పని వేరు, పైసలు రావడానికి కావలసిన పని వేరు. రెండిటికీ "ఆధార్ లింకు" అని ఒక్కటే పేరు పెట్టి పిలుస్తున్నం, అక్కడే చిక్కు పడుతున్నది. ఈ వీడియోల ఆ చిక్కు విప్పుదాం.

చెరువు కింద సేద్యం చూసినోళ్లకు ఇది వెంటనే అర్థమైతది. సర్కారు ఖజానా ఒక చెరువు అనుకోండి. ఆ చెరువు నుంచి నాలుగు కాల్వలు పోతున్నయ్. ఒకటి స్టేట్ బ్యాంకు కాల్వ, ఒకటి గ్రామీణ బ్యాంకు కాల్వ, ఒకటి యూనియన్ బ్యాంకు కాల్వ, ఇంకోటి పోస్టాఫీసోళ్ల పేమెంట్స్ బ్యాంకు కాల్వ. ఒక్కో కాల్వ కింద మీకు ఒక్కో మడి ఉండొచ్చు. ఆ మడే మీ ఖాతా.

తూము కాడ నీరటి ఉంటడు కదా, ఎవరికి ఎటు నీళ్లు ఇడవాల్నో చూసేటాయన. ఈ చెరువుకు నీరటి ఎన్‌పీసీఐ, అంటే దేశంల చెల్లింపులు నడిపించే సంస్థ. దాని కాడ ఒక పుస్తకం ఉంటది, మ్యాపర్ అంటరు. మీ ఆధార్ నంబరు ఎదురుంగ ఆ పుస్తకంల ఏం రాసి ఉంటది? మీ ఖాతా నంబరు అనుకుంటున్నరు చానామంది. కాదు. ఒక్క బ్యాంకు పేరే ఉంటది. కాల్వ పేరు మాత్రమే, మడి నంబరు ఉండదు. ఒక మనిషికి ఒక్కటే కాల్వ. నీరటి అటు ఇడుస్తడు, ఆ కాల్వల మీ మడి ఏదో ఆ బ్యాంకే చూసుకుని మళ్లిస్తది.

ఇప్పుడు తేడా చూడండి. బ్యాంకుకు పోయి ఆధార్ జిరాక్సు ఇస్తే, "ఈ మడి ఫలానా ఆయనది" అని ఆ కాల్వోళ్ల లెక్కల రాసుకుంటరు. అది కేవైసీ. ఇక నీరటి పుస్తకంల మీ పేరు ఎదురుంగ ఆ కాల్వ పేరు రాయించుడు వేరే పని. దాన్ని సీడింగ్ అంటరు. మొదటిది అయితే రెండోది దానంతటదే కాదు. దానికి మీరు విడిగ ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలె. "లింకైంది" అని కౌంటర్ల చెప్పిన మనిషి అబద్ధం చెప్పలేదు, ఆయన మొదటి పని గురించి చెప్పిండు. మీరు రెండో పని అనుకున్నరు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నీరటి పుస్తకంల చివరిసారి ఏది రాయిస్తే అదే చెల్లుతది. ఇంట్ల పిలగాడు ఫోన్ల ఐదు నిమిషాలల్ల నాయన పేరు మీద కొత్త ఖాతా తెరుస్తడు. అక్కడ "సర్కారు రాయితీలు ఈ ఖాతాకే రావాలె" అని ఒక గడి ఉంటది, టిక్ పడిపోతది. అంతే, పాత కాల్వ పేరు కొట్టేసి కొత్తది రాసినట్టే. 2017ల సిమ్ కార్డు వెరిఫికేషన్ చేస్తమని వేలిముద్ర తీసుకుని, అడగకుండనే పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరిచిన సంగతి బయటపడ్డది. అప్పుడు దేశంల లక్షల మంది గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాలల్లకు పోయింది. అంటే మీ పైసలు పడ్తలేవు అంటే ప్రతిసారి రాలేదని కాదు. వేరే మడిల పారి ఉండొచ్చు. ముందు అది చూసుకోవాలె.

ఎట్ల చూసుకోవాలె?

[స్క్రీన్ మీద: మై ఆధార్ వెబ్‌సైట్ మొదటి పేజీ]

మై ఆధార్ పోర్టల్ తెరవండి. ఆధార్ నంబరు, కింద క్యాప్చా, తర్వాత ఓటీపీ. లోపలికి పోయినంక కిందికి జరిపితే "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అని ఉంటది. నొక్కితే ఆధార్ చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు, యాక్టివా ఇనాక్టివా, ఎప్పుడు మార్చిన్రో ఆ తేదీ కనపడ్తయ్. ఇదే నీరటి పుస్తకంల మీ పేజీ. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇక్కడ కనపడే మాటకే విలువ, ఎవరి నోటి మాటకూ కాదు.

ఓటీపీ రాలేదా? మన పాలమూరు వలసోళ్లకు పెద్ద కష్టం ఇదే. బొంబాయి పోయినప్పుడు ఒక సిమ్, వచ్చినంక ఒక సిమ్. పాత నంబరు చాన్నాళ్లు రీచార్జి లేక రద్దయ్యి ఇంకొకరికి పోయి ఉంటది. ఆధార్‌ల ఏ నంబరు ఉన్నదో తెలియకపోతే అదే సైటుల లాగిన్ కాకుండనే "చెక్ ఆధార్ వాలిడిటీ" నొక్కండి. ఆధార్ నంబరు, క్యాప్చా కొడితే చాలు, ఫోన్ నంబరు చివరి మూడు అంకెలు చూపిస్తది. ఆ నంబరు మీ కాడ లేకపోతే ఆధార్ కేంద్రానికి పోయి వేలిముద్ర ఇచ్చి మార్పించుకోండి. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. రసీదు తీసుకుని, దాని మీద అచ్చైన రుసుమే ఇయ్యండి.

ఇక బ్యాంకు పేరు కనపడ్డది. మూడు రకాలుగ ఉండొచ్చు.

ఒకటి, మీరు మర్చిపోయిన బ్యాంకు పేరు వచ్చింది. ఆ పాసుబుక్కు వెతికి ఎంట్రీ వేయించండి. పాత విడతలు అన్నీ అండ్లనే ఉండొచ్చు. బ్యాంకు పేరు చూసి గాబరా పడకండి, పేర్లు మారినయ్. ఎస్‌బీహెచ్, అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకుల కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకుల కలిసింది. నల్లగొండ, పాలమూరుల అందరికీ తెలిసిన ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయినయ్. మడి అదే, కాల్వ పేరే మారింది.

రెండు, ఇనాక్టివ్ అని వచ్చింది, లేకపోతే ఏ బ్యాంకూ లేదని వచ్చింది. నీరటి పుస్తకంల మీకు కాల్వ లేదు. చెరువు నిండా నీళ్లున్నా మీకు ఇడిచే దారి లేదు.

మూడు, సరైన బ్యాంకే ఉన్నది, యాక్టివ్ ఉన్నది, అయినా పైసలు లేవు. దీని గురించి కొంచెం ఆగి చెప్తా.

మొదటి రెండిటికి చేసే పని ఇది. మీకు కావలసిన బ్యాంకు శాఖకు పోండి. "ఆధార్ లింక్ చెయ్యండి" అనొద్దు. ఈ మాట అంటేనే మళ్లా కేవైసీ చేసి పంపిస్తరు. "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ ఫారం ఇయ్యండి" అని అడగండి. డీబీటీ అంటే సర్కారు పైసలు నేరుగ మీ ఖాతాల పడుడు. ఆ ఫారంల రెండు దారులు ఉంటయ్: ఇంతకుముందు ఎక్కడా సీడింగ్ లేదు అనేది ఒకటి, వేరే బ్యాంకుల ఉన్నది, దాన్ని ఇటు మార్చండి అనేది ఇంకొకటి. వేరే కాల్వ ఉన్నోళ్లు రెండోది టిక్ చేసి పాత బ్యాంకు పేరు కచ్చితంగ రాయాలె. చానా ఫారాలు ఇక్కడనే తిప్పలు పడ్తయ్. పాత కాల్వ పేరు చెప్పకుండ కొత్తది రాయమంటే నీరటి ఒప్పుకోడు. ఆ పేరు ఎక్కడ దొరుకుతది? ఇప్పుడే చూసినం కదా, సీడింగ్ స్టేటస్ పేజీల. అందుకే ముందు అది చూసి, ఫోటో తీసుకుని, ఆ తర్వాతనే బ్యాంకుకు పోవాలె.

బ్యాంకు దూరం ఉంటే ఎన్‌పీసీఐ వెబ్‌సైటుల "భారత్ ఆధార్ సీడింగ్ ఎనేబ్లర్" అని ఉన్నది. కొత్తగ సీడింగ్, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్పు, అదే బ్యాంకుల వేరే ఖాతాకు మార్పు, మూడూ అండ్ల చేసుకోవచ్చు. అన్ని బ్యాంకులూ ఆ జాబితాల లేవు, మీది ఉంటే వాడుకోండి. ఏ దారిల చేసినా మూడు నాలుగు రోజులకు మళ్లా స్టేటస్ పేజీ చూడండి. తేదీ మారాలె. తేదీ మారకపోతే పని కాలేదన్నట్టే.

ఇప్పుడు ఆ మూడోది. కాల్వ సరిగ్గనే ఉన్నది, నీళ్లు మడికి చేరలేదు. మూడు కారణాలు ఎక్కువ. పిల్లకాల్వ పూడిపోవుడు: రెండేండ్లు మీరు వెయ్యకుండ, తియ్యకుండ ఉంటే ఖాతా నిద్రావస్థకు పోతది, లేకపోతే కేవైసీ గడువు దాటి ఆపేస్తరు. శాఖకు పోయి కేవైసీ కొత్తగ ఇచ్చి, ఒక వంద వేసి తీస్తే మళ్లా పారుతది. రెండోది మడి నిండి పొర్లుడు: పూర్తి కాగితాలు లేకుండ తెరిచిన చిన్న ఖాతాలకు హద్దు ఉంటది, 50,000 కన్నా ఎక్కువ నిల్వ ఉండొద్దు, ఏడాదిల లక్ష కన్నా ఎక్కువ జమ కావొద్దు. పంట అమ్మిన పైసలు అండ్ల పడి ఆ ఏడాది జమ హద్దు దాటితే, తర్వాత వచ్చే రెండు వేలు మత్తడి దుంకినట్టు వెనక్కి పోవొచ్చు. కేవైసీ పూర్తి చేసి మామూలు ఖాతాగ మార్పించుకోండి. మూడోది, అదే బ్యాంకుల మీకు రెండు మడులు ఉండుడు. నీరటి పుస్తకంల ఈ తేడా కనపడదు, చెప్పిన కదా, అండ్ల మడి నంబరు ఉండదని. "నా డీబీటీ ఏ ఖాతా నంబరుకు పెట్టిన్రు?" అని శాఖలనే అడగాలె.

కాల్వ లెక్క అన్నిటికీ పెట్టొద్దు, ఇదొకటి గుర్తుంచుకోండి. రైతు భరోసా పైసలు ఈ దారిల రావు. అవి ట్యాంకరు తీస్కపోయి నేరుగ మీ మడిల పోసినట్టు, మీరు ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడు) పట్టుకుని వస్తయ్. అందుకే ఒకే రైతుకు రైతు భరోసా ఒక బ్యాంకుల, పీఎం కిసాన్ ఇంకో బ్యాంకుల పడుతుంటయ్. "రైతు భరోసా పడ్డది కదా, ఇది ఎందుకు పడలే" అనే ప్రశ్నకు జవాబు ఇదే. పాత బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ ఇచ్చి ఉంటే ఏఈఓ కాడ ఒకసారి చూపించుకోండి.

టైం అయిపోతున్నది, పీఎం కిసాన్ సైటు తొందరగ చెప్తా. "నో యువర్ స్టేటస్" నొక్కండి, రిజిస్ట్రేషన్ నంబరు కొట్టండి. నంబరు లేకపోతే అక్కడనే పైన ఉన్న లింకుల ఆధార్‌తో కానీ ఫోన్ నంబరుతో కానీ తెలుసుకోవచ్చు. మూడు లైన్లు చూడండి. ల్యాండ్ సీడింగ్, అంటే మీ భూమి వివరాలు అండ్ల ఎక్కుడు, "నో" ఉంటే పట్టాదారు పాసుబుక్కు, ఆధార్ పట్టుకుని ఏఈఓ కాడికి పోవాలె, బ్యాంకుకు కాదు. ఈ-కేవైసీ "నో" ఉంటే సైటుల ఓటీపీతో మీరే చేసుకోవచ్చు. ఓటీపీ లేనోళ్లు పీఎం కిసాన్ యాప్‌ల ముఖం చూపించి చెయ్యొచ్చు, దానికి ఫోన్ల ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలె. అదీ కాకపోతే సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) కాడ వేలిముద్ర. మై ఆధార్‌ల బయోమెట్రిక్ లాక్ వేసి మర్చిపోయినోళ్లకు వేలిముద్ర పడదు, ముందు లాక్ తియ్యండి. ఆధార్ బ్యాంక్ సీడింగ్ "నో" ఉంటేనే ఇంతసేపు చెప్పిన పని. ఎమ్మార్వో ఆఫీసుకు పోతే ఈ మూడో లైను మారదు, ఆడికి పోయి ఒకరోజు కూలి పోగొట్టుకోకండి. మూడూ "యెస్" ఉండి కింద ఎఫ్‌టీవో జనరేటెడ్ అని ఉంటే పైసలు ఇడిచే ఆర్డరు తయారైంది, ఆగి చూడండి.

ఉపాధి హామీ కూలి కూడా 2024 జనవరి 1 నుంచి ఈ నీరటి పుస్తకం చూసే వస్తది. గ్యాస్ సబ్సిడీ ఆధార్ మీద ఉన్నోళ్లకు కూడా అంతే. అంటే సీడింగ్ మార్చితే అన్నీ కలిసి మారుతయ్, ఒక్కటే మారదు.

వాట్సాప్ గ్రూపులల్ల పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు నొక్కొద్దు, నొక్కితే ఖాతా ఖాళీ. యాప్ ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. ఓటీపీ ఫోన్ల ఎవ్వరికీ చెప్పొద్దు. ఏమన్న అడగాలంటే పీఎం కిసాన్‌కు 155261, ఆధార్‌కు 1947 నంబర్లకు ఫోన్ చెయ్యండి.

విడతలు ఏప్రిల్ నుంచి జులై లోపట ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు లోపట ఒకటి, డిసెంబరు నుంచి మార్చి లోపట ఒకటి. పైసలు పడే రోజు పోయి బ్యాంకుల లైను కట్టకుండ, నెల ముందే స్టేటస్ చూసుకోండి. కనపడ్డ బ్యాంకు పేరు, తేదీ పాసుబుక్కు అట్ట లోపట రాసి పెట్టుకోండి. ఇంట్ల మీ పేరు మీద కొత్త ఖాతా తెరిచిన రోజు మళ్లొకసారి చూడండి.