పశువుల పాక పక్కనే పిజ్జా బట్టీ: నేపుల్స్ బొమ్మల సందు

హాయ్ అండీ, వెనకాల గోల వినిపిస్తుందా, అదంతా జనమే. నేపుల్స్‌లో సాన్ గ్రెగోరియో అర్మేనో అనే వీధిలో ఉన్నాం, వీధి అంటున్నా గానీ మన గుంటూరు పట్నంబజారు పక్క సందులంత ఉంటుంది అంతే. రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటంపావు. డిసెంబర్‌లో ఆదివారం పూట రావడం మాత్రం మాదే బుద్ధితక్కువ, అరగంటలో పది అడుగులు కూడా వెయ్యలేదు.

ఈ సందులో ఎటు చూసినా అమ్మేది ప్రెజేపే సామానే. ప్రెజేపే అంటే మనవైపు క్రిస్మస్‌కి చర్చిలో పశువుల పాక వేస్తారు చూడండి, అదే. మా వీధి చివర చర్చిలో తాటాకు కప్పి, వరిగడ్డి పరిచి, మరియమ్మ, యోసేపు, బాలయేసు, నాలుగు గొర్రెలు, ముగ్గురు జ్ఞానులు, అంతటితో అయిపోయేది. ఇక్కడ పాక కోసం వెతుక్కోవాలి! పెద్ద కొండ కట్టి (సీసాలకి బిరడా వేసే కార్క్ ఉంటుంది కదా, ఆ చెట్టు బెరడు పెచ్చులు పెచ్చులుగా అమ్ముతున్నారు, అది అంటిస్తే అచ్చం రాయిలా ఉంటుంది), దాని మీద నాచు పరిచి, ఊరు మొత్తం పెట్టేస్తారు. చేపలమ్మే ఆవిడ, చెస్ట్‌నట్లు కాల్చేవాడు, చేత్తో మాకరోనీ తినేవాడు... ఏవండీ, కెమెరా కొంచెం అటు తిప్పండి, ఆ పిజ్జా అతన్ని చూపించండి. చూశారా, కింద చిన్న మోటర్ ఉంది, బట్టీలోకి పిజ్జా తోస్తూనే ఉన్నాడు పొద్దుట్నించీ. బెత్లెహేములో పిజ్జా ఏంటండీ అంటే, అది బెత్లెహేము అయితే కదా, వీళ్ళ ఊరే అది.

అసలు మొదలు ఇక్కడ కాదు, గ్రెచ్చో అని రోమ్‌కి ఉత్తరాన ఒక కొండ ఊరు, 1223లో సెయింట్ ఫ్రాన్సిస్ అక్కడ గడ్డి తొట్టి పెట్టి, నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి కట్టించారు, బొమ్మలేం లేవు. నేపుల్స్‌లో 1700ల్లో రాజుగారికే ఈ పిచ్చి ఉండేది, ఇంక పెద్దింటివాళ్ళు ఊరుకుంటారా, పోటీలు పడి చేయించుకున్నారు. ఆ కాలం బొమ్మలు సాన్ మార్టినో మ్యూజియంలో చూశాం, తల కాల్చిన మట్టి, కళ్ళు గాజు, ఒళ్ళు తీగకి నార చుట్టింది, పైన పట్టుబట్టలు. ఇప్పుడు షాపుల్లో ఫుట్‌బాల్ ఆటగాడు మరడోనా కూడా ఉన్నాడనుకోండి, ఈ ఊళ్ళో ఆయన లేని చోటు లేదు లెండి.

ఒక్క తొట్టి మాత్రం ఖాళీగా ఉంచుతారు, 24 అర్ధరాత్రికి గానీ బాలయేసుని పడుకోబెట్టరు.

మా వాడికి నచ్చింది బెనీనో. కొండ పైన నిద్రపోయే గొర్రెలకాపరి, ఈ ఊరంతా వాడి కలేనంట, వాడు లేస్తే మొత్తం మాయమంట. అది విన్న దగ్గర్నుంచీ షాపులో అందరికీ ష్ష్ అంటున్నాడు. కొనక తప్పలేదు.

పోయినేడు బార్సిలోనా వెళ్ళినప్పుడు ఇంకో వింత, కెథడ్రల్ ముందు 1786 నుంచీ జరుగుతున్న సంత ఉంది, సాంటా లూసియా సంత, అక్కడ కాగనేర్ అని ఒక బొమ్మ అమ్ముతారు. ఎర్రటోపీ పెట్టుకుని, ప్యాంటు దించుకుని, పాక వెనకాల... చెంబు పట్టుకెళ్ళిన పనిలో ఉంటాడు. నిజమండీ! నేలకి ఎరువు, ఇంటికి అదృష్టం అంటారు, పిల్లలకి వాడెక్కడ దాక్కున్నాడో వెతకడమే ఆట.

ఇందాక అమ్మకి వీడియో కాల్ చేసి చూపించా. మా ఇంట్లో సంక్రాంతికి కొలువు పెడతారు, మెట్ల మీద రాములవారి సెట్టు, కింద కొండపల్లి ఎడ్లబండి, కల్లుగీసేవాడు, రోకలి పోటేసే ఆవిడ. చూసీ చూడగానే, "ఓసి, ఇది మన కొలువే కదే, మెట్లు లేవంతే" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "ఆ పిజ్జా అబ్బాయిని ఒకణ్ణి పట్రా, కల్లుగీసేవాడి పక్కన పెడదాం, ఆ చెంబు పెద్దమనిషిని మాత్రం తేకు" అంది.