అసాజుకే: ఇది నిల్వ పచ్చడి కాదు

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం.

ఇక్కడ జపాన్‌లో మనం నిషికసాయిలో ఉన్నా, యొకొహామాలో ఉన్నా, సూపర్ మార్కెట్ చల్లటి అరల్లో మనందరం ఇవి చూస్తూనే ఉంటాం. ప్లాస్టిక్ కవర్లో కాసిని నీళ్లతో సహా కీరా, ముల్లంగి, హకుసాయి అనే పొడుగు క్యాబేజీ ముక్కలు. వీటినే అసాజుకే అంటారు. ఈ దేశపు భోజనంలో అన్నం, మిసో సూప్ పక్కన ఏదో ఒక ఊరగాయ ఉండాలి. ఆ ఊరగాయలన్నిటికీ కలిపి త్సుకెమోనో అని పేరు. వాటిలో బాగా తొందరగా తయారయ్యే రకం ఇది. దీన్ని ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్తాను. దాంతోపాటు ఒక మాట గట్టిగా చెప్పాలనే వచ్చాను. ఊరగాయ అన్నారు కదా అని దీన్ని నిల్వ పచ్చడిలా చూడకండి. ఇది ఉప్పు పట్టించిన పచ్చి కూరగాయ, అంతే.

ముందు ఉప్పు సంగతి. కూరగాయ బరువులో 2 శాతం వేయాలి. అంటే 300 గ్రాముల ముక్కలకి 6 గ్రాములు. ఇక్కడి వంద యెన్ల షాపుల్లో దొరికే 5 మిల్లీలీటర్ల కొలత చెంచాతో మెత్తటి ఉప్పు తలకొట్టి తీసుకుంటే సరిగ్గా 6 గ్రాములు వస్తుంది. గరుకు ఉప్పైతే అదే చెంచాకి 5 గ్రాములే. మనకి చేతి అంచనాతో వేయడం అలవాటు. పులుసులో ఉప్పు తగ్గితే తర్వాత కలుపుకుంటాం, పోయేదేమీ లేదు. ఇక్కడ తగ్గితే ముక్కలోంచి నీరు దిగదు, ఎక్కువైతే నోట్లో పెట్టలేం. దయచేసి తూచండి. ఈ వంటలో నైపుణ్యమంతా ఆ తూకంలోనే ఉంది.

కీరాతో మొదలుపెట్టండి. ఇక్కడి కీరాలు సన్నగా, లేత గింజలతో ఉంటాయి కాబట్టి చెక్కు తీయక్కర్లేదు. రెండు చివర్లూ కోసేసి, కూరలు కోసే పలక మీద పెట్టి, చిటికెడు ఉప్పు చల్లి, అరచేతులతో నొక్కుతూ ముందుకీ వెనక్కీ దొర్లించండి. పైనున్న చిన్న చిన్న బొడిపెలు రాలిపోతాయి, ఆకుపచ్చ రంగు తేటపడుతుంది. ఆ ఉప్పు కడిగేసి, ఏటవాలుగా అర సెంటీమీటరు మందాన కోయండి. తూచిన ఉప్పుతో కలిపి జిప్ కవర్లో వేయండి. కొంబు అనే ఎండు సముద్రపు నాచు ఐదు సెంటీమీటర్ల ముక్కని కత్తెరతో సన్నగా కత్తిరించి వేయండి. ఎండుమిరపకాయ ఒకటి గింజలు దులిపి, చక్రాల్లా తుంచి వేయండి. కవర్ పైనుంచే నెమ్మదిగా పిసికి, గాలంతా బయటికి నెట్టి మూసేసి, ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. తీశాక ఒక ముక్కని రెండు వేళ్లతో వంచి చూడండి. విరక్కుండా వంగిందంటే తయారైనట్టే. నమిలితే మాత్రం కరకరలాడాలి.

కొంబు దండగ అనుకుని మానేయకండి. 1908లో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త ఈ సముద్రపు నాచు నుంచే గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఉమామి అనే రుచిని లోకానికి చూపించాడు. కీరా నీళ్లలో ఊరిన కొంబు కొద్దిగా జిగురు వదులుతుంది. దాంతోపాటు దిగే గ్లుటమేట్‌తో ముక్కకి రుచి పడుతుంది. షాపుల్లో రెడీమేడ్ అసాజుకే రసం సీసాలు దొరుకుతాయి. వాటిలో చాలావాటిలో చేప సారం కలుపుతారు. శాకాహారులు లేబుల్ చదవకుండా కొనొద్దు. ఉప్పూ, కొంబూ ఉంటే ఆ సీసా అవసరమే లేదని నా అభిప్రాయం.

హకుసాయికి, ముల్లంగికి బరువు పెట్టాలి. పాతకాలంలో ఇందుకు ప్రత్యేకంగా రాయి ఉండేది, ఇప్పుడు మరతో బిగించే ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. ఏదీ లేకపోతే గిన్నెలో ముక్కల మీద పళ్లెం బోర్లించి, దానిపైన రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టండి.

ఇక నేను గట్టిగా చెప్పాలన్న మాట. 2012 ఆగస్టులో హొక్కైదోలో ఒక తయారీదారు చేసిన హకుసాయి అసాజుకే తిని 169 మంది జబ్బుపడ్డారు. ఎనిమిది మంది చనిపోయారు. ఎక్కువమంది వృద్ధాశ్రమాల్లో ఉంటున్న పెద్దవాళ్లు. కారణం ఓ157 అనే ఈ.కోలి బ్యాక్టీరియా. ఉమెబోషి అనే ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండుకి పాత పద్ధతిలో 18 నుంచి 20 శాతం దాకా ఉప్పు వేస్తారు, అందుకే ఏళ్ల తరబడి నిలవుంటుంది. మన ఆవకాయకి ఉప్పుతోపాటు పులుపు, ఆవపిండి, నూనె కాపలా ఉంటాయి. అసాజుకేలో ఉన్నది 2 శాతం ఉప్పే. ఆ ఉప్పుకి బ్యాక్టీరియా చావదు. పులిసి ఆమ్లం తయారయ్యేంత సమయమూ ఉండదు. ఆ ఘటన తర్వాత ప్రభుత్వం నిబంధనలు బిగించింది. కూరగాయల్ని లీటరుకి 100 మిల్లీగ్రాముల క్లోరిన్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచాలనో, 75 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉంచాలనో తయారీదారులకి చెప్పింది. తర్వాత చట్టం మారి, అమ్మకానికి ఊరగాయలు పెట్టేవాళ్లకి లైసెన్సు తప్పనిసరైంది. ఆ గడువు 2024 మే నెలాఖరుతో ముగిసింది. అకితా పల్లెల్లో పొగబెట్టిన ముల్లంగితో ఇబురి-గాక్కో అనే ఊరగాయ చేసే పెద్దవయసు ఆడవాళ్లలో కొందరు, లైసెన్సుకి కావలసిన వంటగది కట్టుకోలేక అమ్మడం మానేశారు. అది తలుచుకుంటే బాధేస్తుంది. అయినా ఆ ఎనిమిది మంది ప్రాణాల ముందు ఆ నిబంధన అక్కర్లేదని నేను అనలేను.

ఇంట్లో మనం చేయాల్సింది పెద్ద పనేం కాదు. క్యాబేజీ పై ఆకులు రెండు మూడు తీసి పారేయండి. మిగతావి ఒక్కో ఆకూ విడదీసి, కుళాయి కింద మొదలు దగ్గర రుద్ది కడగండి, మట్టి ఉండేది అక్కడే. మాంసం కోసిన పలక మీద వీటిని కోయొద్దు. ఊరేటప్పుడు కూడా ఫ్రిజ్‌లోనే ఉంచండి. రెండు రోజుల్లో తినేయండి. మిగిలిన ఊట నీళ్లలో కొత్త ముక్కలు వేయకండి, పారబోయండి. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు ఉంటే ఆకుల్ని మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి, చల్లార్చాక ఉప్పు పట్టించండి. కరకర కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

పులుపు ఇష్టమైనవాళ్లకి ఇంకో దారి ఉంది. వంద మిల్లీలీటర్ల బియ్యపు వెనిగర్, మూడు పెద్ద చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు వేడిచేసి, చల్లారాక ముల్లంగి, క్యారెట్ తురుములో పోయండి. కొత్త సంవత్సరానికి ఇక్కడివాళ్లు చేసుకునే ఎరుపూ తెలుపూ నమాసు అనే పుల్లటి వంటకానికి ఇది దగ్గరగా ఉంటుంది. లేత అల్లానికీ ఇదే రసం బాగుంటుంది. పులుపు తగలగానే లేత అల్లం దానంతటదే లేత గులాబీ రంగుకి తిరుగుతుంది, పిల్లలకి చూపించండి.

బీపీ ఉన్నవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోండి. రోజు మొత్తానికి మామూలుగా మగవాళ్లకి 7.5, ఆడవాళ్లకి 6.5 గ్రాముల ఉప్పు దాటకూడదని, బీపీ ఉంటే ఎవరికైనా 6 గ్రాముల లోపే ఉండాలని ఇక్కడి ఆరోగ్య శాఖ ప్రమాణాలు చెప్తాయి. వంద గ్రాముల అసాజుకేలో రెండు గ్రాముల దాకా ఉండొచ్చు. ముక్కల్ని గట్టిగా పిండి తినండి, పైన సోయాసాస్ పోసుకోవద్దు. పెరుగన్నంలో నంజుకుంటే నాలుగు ముక్కలు సరిపోతాయి, అప్పుడు పెరుగన్నంలో ఉప్పు వేయకండి.