మారిషస్‌లో అత్తవారింటికి తొలి ప్రయాణం: పెట్టె సర్దడం మొదలు వీడ్కోలు దాకా

నమస్కారం. ఈ రోజు మారిషస్ ప్రయాణం గురించి చెప్పబోతున్నాను. హోటల్లో దిగి, సముద్రం చూసి, ఫొటోలు తీసుకుని వచ్చే ప్రయాణం గురించి మాత్రం కాదు. మీ భర్తదో, భార్యదో, పెళ్లి నిశ్చయమైన మనిషిదో కుటుంబం అక్కడ ఉంటే, మొదటిసారి వాళ్లింట్లోనే దిగబోతుంటే, ఈ వీడియో మీకోసమే. నేను కాకినాడలో పుట్టి పెరిగాను. మా అత్తవారిది మారిషస్ ఉత్తర భాగంలో ఒక ఊరు. మావాళ్లు అక్కడి తెలుగువాళ్లే కాబట్టి ఎక్కువగా ఆ ఇళ్ల పద్ధతులే చెబుతాను.

మొదటి పని తేదీలు ఖాయం చేసుకోవడం. చాలామంది ముందు చూడవలసిన ప్రదేశాల జాబితా రాసుకుని, మిగిలిన పూటలు బంధువులకు ఇస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ నెలలో ఇంట్లో ఏ పూజ ఉంది, ఎవరి పెళ్లి ఉంది, మామయ్యగారికి సెలవులు ఎప్పుడు అని ముందుగా అడగండి. వాటి చుట్టూ మీ తిరుగుళ్లు అమర్చుకోండి. ద్వీపం చిన్నది. ఒక కొస నుంచి మరో కొసకు కారులో పూట పట్టదు. బీచ్ ఎక్కడికీ పోదు కానీ, ఇంట్లో అందరూ కలిసే రోజు తప్పిపోతే మళ్లీ రాదు.

అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. ఉగాది వేళ వెళ్లగలిగితే అంతకన్నా మంచి సమయం లేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం కూడా అక్కడి తెలుగు కుటుంబాలకు ముఖ్యమైనవి. రామభజనంలో మధ్యన దీపం నిలిపి, చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. మీ ప్రయాణంలో అది పడిందంటే మర్నాడు ఉదయం ఏ పనీ పెట్టుకోకండి. వాతావరణం సంగతికొస్తే, మే నుంచి అక్టోబరు దాకా చల్లగా ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండలు, వానలు, తుపానులు. 2024 జనవరిలో బెలాల్ తుపాను రాజధాని పోర్ట్ లూయిస్ వీధులను ముంచెత్తింది. అక్కడ తుపాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులుగా ఇస్తారు. మూడో తరగతి వచ్చిందంటే బస్సులు ఆగిపోతాయి, అందరూ ఇంటిపట్టున ఉంటారు. అప్పుడు మీరూ బయటికి వెళతామని పట్టుబట్టకుండా నీళ్లు పట్టడంలో, కిటికీలు బిగించడంలో చేయి వేయండి.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, మీరు దిగబోయే ఇంటి చిరునామా, ఫోను నంబరు చేతిసంచిలో ఉండాలి. విమానం ఎక్కేముందే ఆన్‌లైన్‌లో ప్రయాణ పత్రం నింపాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు మారిషస్ ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి. ముంబయి నుంచి నేరుగా విమానం ఉంది. అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనక. ప్లగ్గులు ఎక్కువగా మూడు చదరపు పుల్లలవి, అడాప్టర్ తీసుకోండి.

ఇప్పుడు పెట్టె సర్దుదాం. ఇదిగో, బల్లమీద అన్నీ పరిచాను. ఎడమ వైపున ఉన్నవి పెట్టెలోకి వెళ్లకూడనివి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, విత్తనాలు, మొక్కలు, మట్టి. ద్వీపానికి బయటి చీడపీడలు చేరకూడదని అక్కడ చాలా జాగ్రత్త పడతారు. అనుమతి లేనిదే ఇవి తీసుకువెళ్లకూడదు. అత్తయ్య పెరట్లో మునగ చెట్టు ఎలాగూ ఉంటుంది, మునగాకు వాళ్లకు నిత్యం వాడే కూర. ఇక మందులు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు అక్కడ కఠిన నియంత్రణలో ఉన్నాయి, ముందస్తు అనుమతి కావాలి. మీరు వాడే మందు ఏదైనా డాక్టరు చీటీతోనే పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సిగరెట్లు నిషేధం.

కుడి వైపు చూడండి. ఇవి కానుకలు. అత్తయ్యకు ఒక ఉప్పాడ చీర. సీలు వేసిన కాజాల ప్యాకెట్లు, పూతరేకులు. తినే వస్తువులు ఉన్నాయని విమానాశ్రయంలో అడిగితే ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. ఇది సింహాచలం నుంచి తెచ్చిన అప్పన్న పటం, కుంకుమ పొట్లం. అక్కడి తెలుగు ఇంటికి ఇంతకన్నా విలువైనది తీసుకువెళ్లలేరని నా అభిప్రాయం. వాళ్ల పూర్వీకులు ఓడ ఎక్కినప్పుడు వెంట తీసుకువెళ్లిన దేవుడు ఆయన. ఈ బొమ్మల కథల పుస్తకాలు, తెలుగు వాచకాలు పిల్లలకు. అక్కడి బడుల్లో తెలుగు నేర్పుతారు, చదువుకోవడానికి రంగురంగుల పుస్తకాలు ఇస్తే ఎంతో సంతోషిస్తారు. చివరగా ఒక స్వెటర్. క్యూర్‌పిప్ వంటి ఎత్తు ప్రాంతాల్లో జూలైలో చలి, ముసురు తప్పవు.

ఇంట్లోకి అడుగుపెట్టాం. పలకరింపు ఎలా? రోజువారీ మాట క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష. పత్రికలు ఫ్రెంచిలో, ఆఫీసు కాగితాలు ఇంగ్లిషులో ఉంటాయి. ‘బోంజూర్’ (నమస్కారం), ‘కి మాన్యేర్’ (ఎలా ఉన్నారు), ‘మెర్సీ’ (ధన్యవాదాలు) ఈ మూడూ వచ్చినా చాలు, ముఖాలు వికసిస్తాయి. పెద్దవాళ్లను ‘టోంటోన్’ (మామయ్య, బాబాయి), ‘టాంటిన్’ (అత్తయ్య, పిన్ని) అని పిలుస్తారు. అత్తమామలను ఎలా పిలవాలో మాత్రం ముందే మీవారిని అడిగి తెలుసుకోండి, ఒక్కో ఇంట్లో ఒక్కో అలవాటు. నేను ‘అత్తయ్యా’ అనే పిలుస్తాను, ఆమెకు అది ఇష్టం. ఇంకా పెళ్లి కానివారైతే పడక గది ఎవరికి ఎక్కడ అన్నది కూడా ముందే తేల్చుకోండి. గడప దగ్గర నిలబడి తేల్చుకునే సంగతి కాదు అది.

తెలుగు మాటలు, పాటలు వాళ్ల నోట వేరే ఉచ్చారణతో వినిపిస్తాయి. దిద్దకండి. 1830లలో కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి, ఆ తరువాత మద్రాసు మీదుగా, మన జిల్లాలవాళ్లు చెరకు తోటల్లో పనికి వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, తొలినాళ్లలో మగవారికి నెలకు అయిదు రూపాయల జీతం. అక్కడ వాళ్లను కోరింగీలు అన్నారు. 1839 తుపానులో కోరంగి రేవే నాశనమైంది. రేవు పోయినా పాట మిగిలింది. కొందరికి అర్థం తెలియకపోయినా చరణం తప్పకుండా పాడతారు. పక్కన కూర్చుని కలిసి పాడండి, అడిగితే అర్థం చెప్పండి.

తిండి దగ్గరకు వద్దాం. ఇంట్లో ‘కారెం’ అన్నారంటే పూజకు ముందు నియమం పాటిస్తున్నారని. ఆ రోజుల్లో మాంసం, చేపలు, గుడ్లు ఇంట్లోకి రావు. బయట తిని రావడం కూడా మానుకోండి. పెళ్లిళ్లలో, పూజల్లో అరటి ఆకు వేసి అన్నం చుట్టూ ఏడు కూరలు వడ్డిస్తారు. గుమ్మడి, పనస, అరటికాయ, వాటితో పాటు చారు, పాయసం. చేత్తోనే తింటారు కనుక మనకు కొత్తేమీ ఉండదు. చాలనుకుంటే ‘అసే, మెర్సీ’ అనండి. మొదటిసారి అన్నప్పుడు ఎవరూ వినరు.

వీధిలో తప్పక తినవలసింది ధాల్ పూరీ. దగ్గరగా చూపిస్తాను. పప్పు ఉడికించి, నీరు వార్చి, మెత్తగా పొడి చేస్తారు. పసుపు, వేయించిన జీలకర్ర పొడి కలిపి పిండి ఉండలో పూర్ణంలా పెట్టి పల్చగా ఒత్తుతారు. మన బొబ్బట్టు పనే, తీపి ఉండదంతే. పెనం మీద ఉబ్బి, మచ్చలు పడకముందే తీసేస్తారు. జతగా కొనాలి. రెండింటి మీదా పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటాతో వండే రూగాయ్ అనే కూర, కొత్తిమీర పచ్చడి, పచ్చిమిరప కారం రాసి, చుట్టి కాగితంలో పెట్టిస్తారు. నిలబడి తినండి, చల్లారితే పూరీ బిగుసుకుంటుంది.

ఆదివారం కుటుంబమంతా సముద్రానికి వెళుతుంది. పెద్ద గిన్నెల్లో బిర్యానీ, చాపలు, పిల్లలు, అమ్మమ్మలు, అందరూ సరుగుడు చెట్ల నీడన చేరతారు. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, మోన్ చోయిసీ, బెల్ మార్ బీచ్‌లలో ఇదే దృశ్యం. సాయంత్రం ఎవరో ఒకరు రవాన్ తీస్తారు. మేకతోలు బిగించిన పెద్ద వాయిద్యం అది. వాయించే ముందు చిన్న మంట వేసి తోలును వేడి చేస్తారు, వేడికి తోలు బిగుసుకుని నాదం మేలుకుంటుంది. దాని మీద సెగా పాట, ఆట. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి బిడ్డలు కాపాడుకున్న కళ ఇది, 2014లో యునెస్కో గుర్తించింది. రమ్మని పిలిస్తే వెళ్లి ఆడండి. పాదాలు నేల మీంచి పెద్దగా లేవవు, నడుము కదిలితే చాలు.

సముద్రంలో దిగేటప్పుడు రబ్బరు చెప్పులు వేసుకోండి. ముళ్లబంతుల్లాంటి సముద్రపు జీవులు, రాయిలా కనిపించే విషపు చేప అడుగున ఉంటాయి. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ అలలను ఆపుతుంది. దక్షిణాన గ్రిగ్రీ దగ్గర అది లేదు, అలలు నేరుగా కొట్టుకుంటాయి. అక్కడ చూడటానికే వెళ్లాలి, దిగడానికి కాదు. పగడాల మీద ఎక్కడా కాలు పెట్టకండి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి. ఒక రోజు మోకా అనే ఊరికి, ఒక పూట పోర్ట్ లూయిస్‌కు కేటాయించండి. పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ ఉంది. వలస కూలీలు ఓడ దిగిన చోటు అది, 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 1834 నవంబరు 2న తొలి కూలీలు వచ్చినందుకు ఏటా ఆ రోజు సెలవు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆనాటి వలస రికార్డులు భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తు, ఊరు, ఓడ పేరు చిట్టాల్లో రాశారు. 1860ల తరువాత వచ్చిన కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి.

ఇంటి పెద్దవాళ్లు ఒప్పుకుంటేనే ఈ పని మొదలుపెట్టండి. తాత ముత్తాతల జనన, వివాహ పత్రాలు ఇంట్లో ఉంటే వాటిలో ఆ సంఖ్య దొరకవచ్చు. అది పట్టుకుని వెళితే వెతకడం తేలిక. అక్కడే మీరు పనికొస్తారు. ఊళ్ల పేర్లు ఆనాటి గుమాస్తాలు తమకు వినిపించినట్టు ఇంగ్లిషులో రాసుకున్నారు. గంజాం, విజాగపటాం, రాజమండ్రి జిల్లాల కింద ఏదో పల్లె పేరు వంకరటింకరగా ఉంటుంది. ఆ ప్రాంతంలో పెరిగిన మనిషి రెండు మూడుసార్లు పైకి చదివితే అసలు పేరు తట్టే అవకాశం ఉంది. తొందరపడి ఇదే ఊరు అని తేల్చేయకండి. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి. తాలూకా పేరు కలిసిందా, పక్క ఊళ్లు కలిశాయా చూడండి, కాగితం నకలు అడిగి తీసుకోండి. అత్తయ్య పక్కన ఉంటే ఆమె చేతనే ఆ సంఖ్య రాయించండి. కులం పేరు కూడా ఆ చిట్టాలో ఉంటుంది. దాని మీద మీ వ్యాఖ్యానం వద్దు.

మిగిలినవి వీలును బట్టి చూడండి. గంగా తలావ్ అనే పవిత్ర సరస్సుకు కుటుంబంతోనే వెళ్లండి. మహాశివరాత్రికి ద్వీపం నలుమూలల నుంచీ నడిచి వస్తారు, అక్కడ 33 మీటర్ల శివుడి విగ్రహం కనిపిస్తుంది. ల మోర్న్ కొండ తోటల నుంచి తప్పించుకున్న బానిసలు దాక్కున్న చోటు. షమారెల్ రంగుల నేలకు పొద్దున్నే వెళ్లండి, ఎండ నెత్తికెక్కాక రంగులు వెలవెలబోతాయి.

తిరుగు ప్రయాణం రోజు ఏ కార్యక్రమమూ పెట్టకండి. విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఉంది, ఉత్తరం నుంచి గంటకు పైగా పడుతుంది, పైగా బంధువులందరూ చూడటానికి వస్తారు. పెట్టెలో కొంత చోటు ఖాళీగా ఉంచండి. బ్వా షెరీ వెనిలా టీ, మిరప అచార్ సీసా అత్తయ్య ఎలాగూ పెడతారు. సీసాను రెండు సంచుల్లో చుట్టి బట్టల మధ్యన పెట్టండి. గవ్వలు, పగడాలు మాత్రం పిల్లల జేబుల్లో ఉన్నా తీసి ఒడ్డునే వదిలేయండి.