ఓపెన్ ప్లాట్ కొని పదేళ్ళు ఆగొచ్చా? నా రివ్యూ

నమస్తే అండి. ఇల్లు కట్టుకోవడానికి కాకుండా, కొని పదేళ్ళు అలా వదిలేయడానికి ఓపెన్ ప్లాట్ పనికొస్తుందా అన్నదే ఈరోజు చూద్దాం.

షాద్‌నగర్ వైపు వెళ్ళినా, యాదగిరిగుట్ట వైపు వెళ్ళినా ఒకటే మాట: "ట్రిపుల్ ఆర్ వస్తోంది సార్, పదేళ్ళలో డబుల్ గ్యారంటీ." ట్రిపుల్ ఆర్ అంటే హైదరాబాద్ చుట్టూ రాబోయే రీజినల్ రింగ్ రోడ్. సరే, డబులే అనుకుందాం. అంటే ఏడాదికి పడేది దాదాపు 7.2 శాతం. అందులోంచి కొన్నప్పుడు కట్టే 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు, అమ్మేటప్పుడు లాభం మీద 12.5 శాతం పన్ను, కమీషన్, ఫెన్సింగ్ తీసేయండి. పైగా పదేళ్ళూ అద్దె ఒక్క రూపాయి రాదు. మూడింతలైతేనే ఏడాదికి 11.6 శాతం దాకా వస్తుంది, నా లెక్కలో అప్పుడే ఇంత ఓపికకు ఫలితం.

అయినా నాకు భూమంటే ఇష్టమే, ఎందుకంటే అపార్ట్‌మెంట్‌లో మన వాటాకి నలభై యాభై గజాలు వస్తే గొప్ప, ఇక్కడ కట్టిన ప్రతి రూపాయీ నేల మీదే ఉంటుంది.

కాకపోతే రేపు మీ దగ్గర కొనేవాడు ఏం అడుగుతాడో ఈరోజే మీరు అడగాలి. లేఅవుట్‌కి హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలు) అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్, ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందా లేదా. సాగు భూమిని ముక్కలు చేసి గుంటల్లో అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికి మాత్రం దయచేసి వెళ్ళకండి. గుంటంటే 121 గజాలు, గేటు పెట్టి నాలుగు మామిడి మొక్కలు నాటినంత మాత్రాన అది లేఅవుట్ అయిపోదు, ఇంటికి పర్మిషన్ రాదు, కొనేవాడికి బ్యాంకు లోన్ దొరకడమూ కష్టమే.

చెరువు పక్కనైతే ఇంకా జాగ్రత్త. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) దాటాక కూడా 30 మీటర్ల బఫర్, అంటే ఖాళీ స్థలం వదలాలి, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇది ఎంత సీరియస్సో అందరం చూశాం. ఎండాకాలంలో చూసిన ప్లాట్‌ని గట్టి వాన పడిన మర్నాడు మళ్ళీ వెళ్ళి చూడండి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో, తుంగ ఎక్కడ మొలిచిందో కళ్ళకే కనిపిస్తుంది.

కొన్నాక కూడా ఊరుకోకూడదు. రెండేళ్ళు వెళ్ళకపోతే సర్కారు తుమ్మ కమ్మేసి హద్దురాళ్ళే కనిపించవు, పక్కవాళ్ళ కడీలు ఒక గజం ఇటు జరిగినా తెలియదు. ఏడాదికోసారి చెట్లు కొట్టించి, నాలుగు మూలలా ఫొటోలు తీసి, ఈసీ తీయించి పెట్టుకోండి.

పిల్లల ఫీజులకో, ఆసుపత్రికో అక్కరకొచ్చే డబ్బైతే ప్లాట్‌లో పెట్టకండి, అమ్ముదామంటే నెలలు పడుతుంది. అది పక్కన పెట్టాక మిగిలిన డబ్బుంటే, అప్రూవ్డ్ లేఅవుట్‌లో, ఇప్పటికే నాలుగు ఇళ్ళు లేచిన చోట కొనండి, గజానికి కాస్త ఎక్కువైనా సరే.